కొత్వాలు తేవద్దన్న గిన్నె

ఇరాన్‌లోని నతంజ్ ఊరు. మంగలి సఫర్ ఇల్లు. పెళ్ళయి నెల. సాయంత్రం సఫర్ గడపలో అడుగుపెట్టి ఒక్క ముక్క చెప్పాడో లేదో, గుల్‌అందామ్ ఎగిరి గంతేసింది.

"మళ్ళీ చెప్పండి! మొదట్నుంచీ!"

"చెప్పానుగా. రేపు పనయ్యాక నేను వట్టి సఫర్ని కాను. సఫర్ ఖాన్ని. కొత్వాలు గారే పిలిచి చెప్పారు."

"మంగలికి ఖాన్ బిరుదు! అంటే నేను ఖాన్ గారి భార్యని! ఉండండి, మా మేనత్తకి చెప్పొస్తా."

"ఇవాళ ఎవరికీ చెప్పకు."

"ఏం?"

"వద్దు, అంతే. ఆ బేరిపండు నా కత్తితో కోస్తున్నావా?"

"వంటింటి కత్తికి పదునేదీ? తినండి, తేనెలా ఉంది. అవునూ, గాడిద మీద జీను దించలేదేం?"

"దించుతాలే."

"సరే, ఏమిటా పని?"

"రేపు రాజుగారి తోటలో, స్నానాల గదిలో వజీరు గారికి స్నానం చేయించాలి."

"ఏ వజీరు గారు? పదవి పీకేసి ఇక్కడికి పంపేశారే, ఆ జహాన్‌బఖ్ష్ మీర్జా గారికా?"

"ఆయనకే."

"బిరుదులన్నీ రద్దు చేసింది ఆయనేగా! మా మామయ్య 'రాజ్యసింహం' అని పదేళ్ళు కూర్చుని జీతం తిన్నాడు. పిల్లిని చూస్తే మంచమెక్కేవాడు. వజీరు గారు జీతం ఆపాకే కదా, ఉప్పు దుకాణం పెట్టుకుని మనిషయ్యాడు."

"ఊఁ."

"మంగళ్ళందరికీ మశూచి టీకా నేర్పించిందీ ఆయనే. ఆ టీకా లేకపోతే మీరు నా చెయ్యి పట్టుకునేవారా?"

"టీకా వేయడానికి వస్తే మీ నాన్న దుప్పటి అడ్డం పెట్టి చెయ్యొక్కటే చూపించాడు. నువ్వు దుప్పట్లోంచి కరిచావు."

"గట్టిగా కరవలేదు లెండి. ఇంతకీ స్నానం దేనికి?"

"మన రాజు షా గారు రాజవస్త్రం పంపుతున్నారట. శుభ్రంగా స్నానం చేసి తొడుక్కోవాలి కదా."

"అంటే కోపం పోయింది! మళ్ళీ వజీరు అవుతారన్నమాట!"

"అలాగే అన్నారు."

"గోరింటాకు నూరనా?"

"అక్కర్లేదు."

"కాళ్ళు రుద్దే రాయి?"

"వద్దు."

"క్షౌరం కత్తి?"

"వద్దన్నారు."

"మరి గడ్డం చేత్తో పీకుతారా? ఏం తెమ్మన్నారు?"

"నెత్తురు తీసే కత్తి."

"అయ్యో, ఒంట్లో బాలేదా?"

"నిన్న గోడ పక్కన నడుస్తుంటే చూశాను. బాగానే ఉన్నారు."

"మరి ఏ చేతికి తీయాలి?"

"రెండు చేతులకీ."

"రెండు చేతులకా? సర్లెండి, నెత్తురు పట్టే రాగి గిన్నె తోమిపెడతా."

"గిన్నె తేవద్దన్నారు."

"గిన్నె లేకపోతే ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుంది?"

"ఆ కత్తి ఇలా ఇవ్వు."

"ఏమండీ."

"తెలియదు."

"ఓహో. బిరుదు దీనికా?"

"దీనికే."

"మీరేమన్నారు?"

"చిత్తం అన్నాను. పక్కన ఇద్దరు సిపాయిలున్నారు."

"వెళ్ళకపోతే?"

"ఇంకో మంగలిని పిలుస్తారు. బిరుదంటే ఎవడికి చేదు?"

"వజీరు గారికే చెప్పేస్తే?"

"మగవాళ్ళెవరినీ ఆయన దగ్గరికి పోనివ్వరు. ఆయన భార్య బేగం గారొక్కరే ఆయన్ని నీడలా అంటిపెట్టుకుని ఉన్నారు. షా గారికి స్వయానా మేనత్త. ఆవిడ ముందు ఆయన మీద చెయ్యి వేసే ధైర్యం ఎవడికీ లేదు."

"మగవాళ్ళ స్నానాల గదికి మాత్రం ఆవిడ రాకూడదు."

"అందుకే స్నానం."

"అయితే వినండి. రేపు తెల్లారగానే బుట్టెడు బేరిపండ్లు పట్టుకుని ఆడవాళ్ళ వాకిలికి వెళ్తాను. పండ్ల కింద మీ గిన్నె. బేగం గారి చేతికిచ్చి ఒక్క మాట చెప్తాను: 'అమ్మా, నెత్తురు తీయడానికి మా ఆయన్ని రమ్మన్నారు. ఇది మాత్రం తేవద్దన్నారు.'"

"ఆవిడ ఇక ఆయన్ని గది దాటనివ్వదు."

"దాటనివ్వదు. కానీ మన్ని ఈ ఊళ్ళో బతకనివ్వరు. ఒక్క పూటైనా ఖాన్ గారి భార్యనయ్యాను, నాకది చాలు. మీ సంగతే... తాతల నాటి దుకాణం, అందరికీ తెలిసిన చెయ్యి. ఇవన్నీ వదిలి రమ్మని నేనెలా అడగను?"

"గుల్‌అందామ్."

"ఊఁ?"

"పెళ్ళయి నెలే కదా, నీకెలా చెప్పాలా అని ఇందాకట్నుంచీ చూస్తున్నా. జీను ఎందుకు దించలేదనుకున్నావు? రేపు నువ్వు ఆ వాకిలి దాటి వచ్చేసరికి, తోట వెనక గోడ దగ్గర నేనూ గాడిదా ఉంటాం."