కొక్కెం దాకా

కరెంటు ట్రాము జపానుకు కొత్తగా వస్తున్న రోజులు. ఒక కోట ఊళ్ళో, బజారు వీధిలో, ట్రాము తీగకు స్తంభాలు పాతే కుమాజో నిచ్చెన మీద ఉన్నాడు. వీధి రథం బాగోగులు చూసే అతని మామ జింపేయి కింద నిలబడి మెడ నొప్పెట్టేలా పైకి చూస్తున్నాడు.

"దిగమనడం లేదు అల్లుడూ. అక్కణ్ణుంచే చెప్పు. ఆ తీగ ఇంకో రెండు మూరలు పైకి కట్టలేవా? పండగకి రథం దాని కిందనుంచే పోవాలి కదా."

"నిన్న చెప్పాను కదా మావయ్యా."

"నిన్న చెప్పింది నిన్నటిది. ఇవాళ చెప్పు."

"ట్రాము నెత్తి మీద ఓ గడ ఉంటుంది. అది తీగని కింద నుంచి ఒరుసుకుంటూ పోవాలి. తీగ పైకెడితే గడ అందదు. గడ అందకపోతే బండి కదలదు."

"గడ పొడుగు చెయ్యమను."

"నేను స్తంభాలు పాతేవాణ్ణి. గడల సంగతి నన్నెవరడుగుతారు?"

"ఆ పాతడం కూడా ఏం పాతడంలే. అన్నీ తాగినోళ్ళలా వెనక్కి వాలిపోయి."

"కావాలనే వాల్చాం. రేపు వీధికి అడ్డంగా ఈ స్తంభానికీ ఆ స్తంభానికీ తీగ లాగి కడతాం. ఆ లాగుడుకి నిటారుగా లేస్తాయి. ముందే నిటారుగా పాతితే వీధిలోకి వంగి దణ్ణాలు పెడతాయి."

"అంత ముందుచూపున్నోళ్ళకి రథం కనపళ్ళేదా?"

"పండగ ఒక్కరోజూ ట్రాము ఆపమని అడిగాను మావయ్యా."

"ఏవన్నారు?"

"ఆ రోజే జనం ఎక్కువట. ఇంకో రెండు బళ్ళు తిప్పుతారట."

"ఏం చూడ్డానికొచ్చే జనం?"

"వదిలెయ్యండి."

"అడిగావా ఆ మాట?"

"అడిగితే రేపు ఈ నిచ్చెన ఇంకొకడెక్కుతాడు. తీగ మాత్రం ఇక్కడే ఉంటుంది."

"రథం కప్పు మీద కూచుని, చూరులకి తగలకుండా కాళ్ళతో తోసేవాడివి నువ్వే కదయ్యా. ఇదీ అలాగే ఓ వెదురుతో ఎత్తి పట్టు."

"చూరులో కరెంటుండదు."

"సరే. సరేలే. మా అమ్మాయి ఒసుమి నీకు అన్నం ముద్దలు పంపింది, దిగి తిను."

"మీ చేతులకి ఆ పొట్టేంటి?"

"ఏ పొట్టు?"

"రంపపు పొట్టు. మావయ్యా, ఏం చేశారు?"

"ఏం చేస్తాం. రథం కొట్టంలో కూచుంటే దేవుడెక్కడ దిగుతాడు? పొద్దున్నే పెద్దలం నలుగురం చేరి, కాస్త సారా పోసి, తప్పు కాయమని మొక్కి, రథం మధ్యలో కప్పు దాటి పైకి లేచే నడిమాను కొస కోశాం."

"కోసేశారా?"

"మా తాత నిలబెట్టిన మాను. నువ్వు పైకి కట్టలేవని ఇంకోసారి నీ నోటితో వింటే కోసినందుకు మనసు కుదుటపడుద్దని వచ్చాను. కట్టలేనన్నావు. చాలు."

"ఎంత కోశారు?"

"కొలిచే కోశాంలే. ఆ స్తంభానికి కొక్కెం ఉంది చూడు, దానికి జానెడు కిందికి."

"కొక్కెం దగ్గర కొలిచారా?"

"తీగ కట్టేది దానికే కదా?"

"అడ్డతీగ కట్టేది దానికి. నడి వీధికొచ్చేసరికి అది బరువుకి కిందికి జారుతుంది. ట్రాము తీగ దాని కింద వేలాడుతుంది. ఎండలు ముదిరితే ఇంకా సాగుతుంది. పండగొచ్చేది నడి ఎండల్లోనే."

"ఎంత?"

"మూరకి పైనే."

"బిగించి కట్టు."

"బిగిస్తే చలికాలంలో తెగి జనం మీద పడుతుంది. కోసేముందు నన్నొక్క మాట అడగొచ్చు కదా."

"అడుగుదామన్నాను. రథం కొయ్యడం గురించి నిన్నడిగితే నువ్వు తట్టుకోలేవని ఒసుమి వద్దంది."

"మానుకి ఇంకెంత మిగిలింది?"

"దేవుడు దిగడానికి పచ్చకొమ్మ కట్టే చోటుంది కదా. అంతవరకే మిగిలింది."

"దాని పైన?"

"పైన ఏం లేదు. ఇంకా కొయ్యాలంటే ఆ చోటే పోవాలి. దిగు అల్లుడూ, ముందు తిను. రంపం కొట్టంలోనే ఉంది. పొద్దున నేను కోశాను, ఆ చోటు మీద నా చెయ్యి లేవదు. నువ్వు కొయ్యి."