పేర్లు అడిగితే

హలో… ఆ, నేనే. చెప్పక్కా.

…లేదు, నాన్న పడుకోలేదు. కుర్చీలో కూర్చోబెట్టాం. కూలబడింది నేనే, ఆస్పత్రి వరండాలో.

…మాటలా? ఎక్కడివీ! పక్షవాతంతో పోయినవి పోయినట్టే ఉన్నాయి. నీళ్లు కావాలన్నా చెయ్యే ఊపుతాడు.

…ఆ, ఖురాన్ మాత్రం చదువుతాడు. గడగడా. ఎక్కడా తడబడడు. చిన్నప్పుడు బట్టీపట్టింది లోపల వేరే అరలో ఉంటుందట, మాట పోయినా అది పోదట. …నాకు తెలియక కాదు తల్లీ, కాలేజీలో నేను చెప్పే పాఠమే అది! పిల్లలకి మాట ఎలా వస్తుందీ అని. విని విని చిలకల్లా పలుకుతారని ఒకళ్లు, పుట్టుకతోనే లోపల ఉంటుందని ఇంకొకళ్లు… ఏ సిద్ధాంతమూ నాన్న చేత గ్లాసుని గ్లాసు అనిపించట్లేదు.

…నవ్వకు. నాన్నా నేనూ దీని మీదే పోట్లాడుకునేవాళ్లం, నిజమే. "మొదటి మనిషి ఆదముకి అన్నిటి పేర్లూ దేవుడే నేర్పాడు, మీ పుస్తకాలు రాసినాయన కాదు" అనేవాడు. నేను మూతి ముడుచుకునేదాన్ని.

…ఇవాళా? ఇవాళతో పాఠాలు ఆఖరట. మాట నేర్పే మేడమ్ బొమ్మల కార్డులు తెచ్చింది. గ్లాసు, తాళంచెవి, పిట్ట. "పేరు చెప్పండి తాతగారూ" అంది. ఈయన బొమ్మ వంక చూశాడు, ఆమె వంక చూశాడు, కళ్లు మూసుకుని ఏదో ఖురాన్ వాక్యం చదివాడు. ఇంకో కార్డు తీసింది. మళ్లీ అదే వాక్యం. "ఏం అడుగుతున్నామో ఆయనకి తెలియట్లేదమ్మా, ఇంక ఇంటికి తీసుకెళ్లండి" అంది.

…ఏ వాక్యమా? నాకెక్కడొచ్చు! నాన్న దగ్గర కుదురుగా కూర్చుని చదివింది నువ్వు. …మొదలా? "సుబ్‌హానక" అని… "లా ఇల్మ లనా" అని… ఆ, అదే.

…అక్కా? ఏమైందీ? ఏడుస్తున్నావా?

…ఎవరూ, దేవదూతలా? …వస్తువులు చూపించి, వీటి పేర్లు చెప్పండని దేవుడు వాళ్లని అడిగితే… వాళ్లిచ్చిన జవాబా ఇది? …మళ్లీ చెప్పు. మెల్లగా. …"నువ్వు నేర్పింది తప్ప మాకేం తెలియదు."

…

పొద్దున మందు వేసినప్పుడు ఇది చదవలేదక్కా. గడ్డం గీసినప్పుడూ చదవలేదు. పేర్లు అడిగితేనే చదివాడు.

…అవును. తెలియదని చెప్పాలంటే ప్రశ్న బుర్రకెక్కాలి కదా! ముసలాయన జవాబు చెబుతూనే ఉన్నాడు, మేమే…

ఉండు, ఉండు. ఆవిడ సంచీ సర్దుకుని మెట్లు దిగుతోంది. పెట్టేస్తున్నా— కాదు, పెట్టకు, ఆ వాక్యం ఆవిడకి నువ్వే చెబుదువుగాని.

మేడమ్! ఓ మేడమ్! ఒక్క నిమిషం ఆగండి! ఆ గ్లాసు కార్డు మళ్లీ బయటికి తీయండి—