సీరియల్‌ను అందరి కళ్లముందు పెట్టిన కృపావరం గారు

1990 ఫిబ్రవరి 12వ తేదీన శ్రీ బి. కృపావరం గారు మన లారీ రవాణా సహకార సంఘం నంద్యాల కార్యాలయంలో సీరియల్ గుమాస్తాగా విధుల్లో చేరారు. ముందు వచ్చిన లారీకి ముందు లోడు, వెనుక వచ్చిన లారీకి వెనుక లోడు, ఇదే సీరియల్. చెప్పడానికి ఇంతే. కాని పది లారీల ఆసామి, ఒక్క లారీతో సంసారం ఈదే మనిషి ఒకే వరుసలో నిలబడాలంటే, ఆ వరుసను రాసే చేతికి ఎంత నిబ్బరం ఉండాలో ఇరవై రెండేళ్లుగా యార్డులో పనిచేస్తున్న నాకు తెలుసు. ఆ నిబ్బరాన్ని అభినందించడానికే ఈ వ్యాసం. ఆయన తెల్ల చొక్కాను, చిరునవ్వును వర్ణించే పని వేరేవాళ్లు చూసుకుంటారు.

1995లో ఆయనను ఆళ్లగడ్డ శాఖకు బదిలీ చేశారు. అప్పట్లో సీరియల్ రాయడానికి నంద్యాలలో ఒక పలక, ఆళ్లగడ్డలో ఇంకొక పలక, రెండింటి మీదా సుద్దముక్క రాతలే. పలుకుబడి ఉన్నవారి బండి ఒకే రోజు రెండు పలకల మీదా వెలిగేది. లేనివారు ఏ పలక దగ్గర కాచుకోవాలో తెలియక రెండు ఊళ్ల మధ్య తిరిగేవారు. కృపావరం గారు రోజూ సాయంత్రం నంద్యాలకు ఫోను చేసి, నంబరు నంబరూ చదివించుకుని, రెండుచోట్లా ఉన్న బండిని ఒకచోట కొట్టివేసేవారు. ఇందుకు ఆయనకు దక్కిన బిరుదులు ఈ సంచికలో అచ్చువేయదగినవి కావు.

2005లో, ఆయన తిరిగి నంద్యాలకు వచ్చాక, సంఘం వెబ్ పోర్టల్ పెట్టింది. రెండు ఊళ్లకూ ఒకే వరుస కావాలని పట్టుబట్టింది ఆయనే, దాని అడ్మిన్ బాధ్యత మోసిందీ ఆయనే. యాభై నాలుగేళ్ల వయసులో ఒక్క వేలితో టైపు చేస్తూ, లైను తెగినప్పుడల్లా మళ్లీ కలుపుకుంటూ, రెండు వందల పద్నాలుగు లారీల పర్మిట్లు, ఫిట్‌నెస్ గడువులు, డ్రైవర్ల లైసెన్సులు ఒక్కొక్కటిగా ఎక్కించారు.

దాన్ని అడ్డుకున్నవాడిని నేను. దాచను. పలక మీద రాసేది పదిమంది ముందర రాస్తారు, కంప్యూటరు పెట్టెలో ఎవరు ఏం మార్చారో ఎవడికి తెలుస్తుంది అని గేటు ముందు డ్రైవర్లతో ధర్నాకు కూర్చున్నాను. మూడో రోజు కృపావరం గారు బయటికి వచ్చి నా పక్కనే నేల మీద కూర్చున్నారు.

“దాసరయ్యా, నువ్వు అడిగేది న్యాయమే. ఎవరు ఏది మార్చినా వాళ్ల పేరు, టైము పక్కనే పడేటట్టు చేపిస్తా. తెర కిటికీ తట్టు తిప్పి పెడతా. యార్డంతా చూడనీ.”

“అయితే ధర్నా ఎత్తేయమంటావా అన్నా?”

“ఎత్తేస్తే లోపల నా మాట ఎవరు వింటారప్పా? ఈడ్నే కూర్చో. ఇంకొంచెం గట్టిగా అరువు.”

అరిచాం. సాయంత్రానికి కార్యవర్గం ఒప్పుకుంది. మార్పుల జాబితా అలా వచ్చింది.

ఆ జాబితాలో మొదట దొరికిపోయింది ఆయనే. 2006 డిసెంబరులో ఆళ్లగడ్డ యశోదమ్మ గారు బస్సు దిగి నేరుగా కిటికీ దగ్గరికి వచ్చారు. ఆమెకున్నది ఒక్కటే లారీ.

“ఏందప్పా కృపావరం, పదకొండు దినాలు కాచుకుంటే నా బండి మొదటి నంబరుకు వచ్చె. పొద్దున చూస్తే అడుక్కు పోయింది. లోడు రెండో నంబరోడు ఎత్తుకపోయె. ఎవరు తోసినారు దాన్ని?”

ఆయన జాబితా తెరిచారు. ముందురోజు ఆమె బండి కొత్త ఫిట్‌నెస్ గడువు ఎక్కించేటప్పుడు 2007 బదులు 2006 అని కొట్టారు. గడువు తీరిన బండి అనుకుని పోర్టల్ దాన్ని కిందికి దించేసింది. పక్కన పేరు: కృపావరం. ఉదయం 11.20.

“నేనే తోసినా తల్లీ,” అన్నారు.

అప్పటి అధ్యక్షులు గారు ఆయనను లోపలికి పిలిచి మెల్లగా అన్నారు: “ఆ లైను తీసేయప్పా. మిషన్ తప్పని చెప్తాం. నీ మీదికి రాదు.”

“మిషన్ కాదు సార్, నా వేలు. ఇయ్యాల నాది తీస్తే, రేపు ఇంకొకరిది తీయమంటారు.”

ఆయన ఆ పుట అచ్చుతీసి గోడకు అంటించారు. వరుసలో ఉన్న డ్రైవర్లందరినీ పిలిచి జరిగింది చెప్పి, వాళ్ల ఎదుటే యశోదమ్మ గారి బండిని పైకి తెచ్చి, కారణం కూడా రాశారు. తరువాతి లోడు ఆమెదే. వెళ్తూ వెళ్తూ ఆమె అన్న మాట యార్డులో ఇప్పటికీ చెప్పుకుంటారు: “నీ కండ్లద్దాలు మార్చుకో నాయనా. నా నంబరు మార్చొద్దు.”

ఇప్పుడు, 2009 జూన్ 30న, ఆయన పదవీ విరమణ చేస్తున్నారు. మార్పుల జాబితా ఇకమీదట కార్యాలయం లోపలివారికే కనపడాలనే తీర్మానం వచ్చే నెల సర్వసభ్య సమావేశానికి వస్తోంది. శాలువా కప్పే రోజున ఈ మాట ఎందుకంటారా? ఈ రోజు అనకపోతే ఇక ఏ రోజు అంటాం?

జూన్ 26 ఉదయం కృపావరం గారు మమ్మల్నందరినీ కిటికీ దగ్గరికి పిలిచారు. తన స్థానంలోకి వస్తున్న శ్రీలతను కుర్చీలో కూర్చోబెట్టారు.

“సార్, పాస్‌వర్డు ఏం పెట్టాల?” అంది ఆ అమ్మాయి.

“నాకు చెప్పొద్దు పాపా,” అని గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ఆమె పెట్టుకున్న తరువాత, అడ్మిన్ పేర్లలో నుంచి తన పేరును తానే తొలగించారు. జాబితాలో అదీ పడింది.

“ఇంకా నాలుగు దినాలుండాయి కదన్నా, తొందరేంది?” అన్నాను.

“నేనుండంగానే, నేను లేకుండా నడుస్తాదో లేదో చూడాల.”

నడుస్తోంది. నడిపించే పని ఇక మాది. శ్రీ కృపావరం గారు, వారి సతీమణి శ్రీమతి దేవమ్మ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, మనశ్శాంతితో నిండు నూరేళ్లు జీవించాలని డ్రైవర్లు, చిన్న యజమానులు, యార్డు సిబ్బంది అందరి పక్షాన మనసారా ఆకాంక్షిస్తున్నాను. అన్నా, నువ్వు కంటినిండా నిద్రపో. ఆ తీర్మానం వీగిపోయేదాకా మాకు మాత్రం నిద్ర పట్టదు.

దాసరయ్య
యార్డు సూపర్‌వైజరు, డ్రైవర్ల యూనియన్ కార్యదర్శి
నంద్యాల