గట్టి స్ప్రింగులు

నెల క్రితం డెంగీ జ్వరంతో పోయిన కూతురు నౌషీన్ రిమోట్ రేసు కారును సంచిలో పెట్టుకుని, రేపల్లె దర్జీ హమీద్ తెనాలి వచ్చాడు. అలాంటి కార్లు బాగుచేసే కుర్రాడి కొట్టులో దాన్ని బల్ల మీద పెట్టాడు.

"నిన్న నడిపి చూశాను బాబూ. మలుపు తిప్పగానే పల్టీ కొడుతోంది."

"స్ప్రింగులు మెత్తగా ఉన్నాయి బాబాయ్. బరువంతా ఒక పక్కకి ఒరిగిపోతోంది. బాపట్ల రేసుకి గట్టివి వేద్దామంది మీ అమ్మాయి. ఇవిగో, తనే ఏరి పెట్టుకుంది."

"అయితే అవే వెయ్యి."

"మీరే వెయ్యండి. ఎలాగో నేను చెబుతాను."

సూది పట్టిన వేళ్లకు నాలుగు స్ప్రింగులు మార్చడానికి గంట పట్టింది. కొట్టు ముందు వదిలితే, కారు ఒరగకుండా గిర్రున మలుపు తిరిగి వచ్చింది.

"ఇలా ఉంటే గెలిచేదంటావా?"

"గెలిచేదే బాబాయ్."

హమీద్ కారును ఒళ్లో పెట్టుకుని, చక్రాల దుమ్ము చేత్తోనే తుడిచాడు.

"ప్రతి ఆదివారం అడిగేది బాబూ, ఒక్కసారొచ్చి నా కారు చూడమని. షాపు మూస్తే ఎలాగమ్మా అనేవాణ్ణి."

"ఊరుకోండి బాబాయ్."

"ఇవాళ మూసేసి వచ్చాను."