చిన్నదానికి సిఫారసు

అది కాదు బావా, అసలు నన్నెందుకు అడుగుతున్నావు? నీకు పని పడింది మా చెల్లెలితో. జడ్జి అది. నేను దర్జీదాన్ని. అది కోర్టులో ఉండే వేళ చూసుకుని మరీ వచ్చి, చల్లగా నా మిషను పక్కన కుర్చీ లాక్కుంటే నాకు అర్థం కాదనుకున్నావా?

కూర్చో, కూర్చో. లేవమన్లేదు. సొంత మేనమామ కొడుకువి, ఎన్నాళ్ళకో ఈ గడప తొక్కావు. ఆ కుర్చీలో గుండుసూదులుంటాయి, చూసుకో.

టీ పెట్టనా? వద్దా? నీ ఇష్టం. మంత్రిగారి ఆఫీసు టీలు అలవాటైన నాలుక, నా టీ ఏం రుచిస్తుందిలే.

ఏమన్నావు ఇందాక? "ఒక్క మాట చిన్నదాని చెవిన వెయ్యి" అన్నావు కదూ? ఒక్క మాటే! పత్రిక కేసులో సోమవారం తీర్పు. ప్రెస్సుకి మీ ప్రభుత్వం వేసిన తాళం సబబే అని అది రాస్తే, కొత్త కాంప్లెక్సులో రోడ్డు వైపు కొట్టు నాకు. రాయకపోతే, మనిషి జాడలేని ఏ మూలకో దానికి బదిలీ. అంతేగా? నువ్వు చాలా మడతలు పెట్టి చెప్పావు గానీ, విప్పి చూస్తే గుడ్డ ఇంతే.

నవ్వకు. నేను నవ్వట్లేదు.

"మీ అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవటగా" అన్నావు చూడూ, అక్కడ దొరికిపోయావు. అంటే నాకు దాని మీద కోపం ఉందని తెలిసే వచ్చావన్నమాట! ఎవరు మోశారో గానీ నిజమే మోశారు. ఉంది కోపం. ఎందుకుందో కూడా విను. సగం విని లేచిపోయావంటే ఊరుకోను.

దర్జీల సందు గుర్తుందా నీకు? నీ బడి నిక్కర్లన్నీ మా అమ్మ కుట్టింది అక్కడే కదా. అటూ ఇటూ మిషన్లు, మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత దారి. అమ్మ పోయాక ఆ కొట్టు మీదే చిన్నదాన్ని చదివించాను. నేను తొక్కుతూ ఉంటే, కటింగు బల్ల చివర కూర్చుని లా పుస్తకాలు చదివేది. పెన్సిలు కనబడకపోతే నా సుద్దముక్కతో గీతలు పెట్టేది పుస్తకంలో. తిట్టేదాన్ని.

ఆ సందు కొట్టేసి కాంప్లెక్సు కడతామన్నారు మీవాళ్ళు. మేమంతా కలిసి కేసేశాం. వేస్తే అది ఎవరి ముందుకొచ్చింది? మా చిన్నదాని ముందుకే! ఎగిరి గంతేశాం బావా. ఇస్త్రీ తాత ఉన్నాడు చూడు, నా రెండు చేతులూ పట్టుకుని "మనమ్మాయే కూర్చుంది తల్లీ, ఇంక గుండెల మీద చెయ్యేసుకుని పడుకుంటాను" అన్నాడు. గుండీల కొట్టావిడ సందంతా మిఠాయి పంచింది.

మొదటి వాయిదాకే అదేం చేసిందో తెలుసా? "ఈ సందులో మా అక్కకి కొట్టుంది. ఈ కేసు నేను వినకూడదు" అంది. అంతే! ఫైలు ఇంకో జడ్జికి వెళ్ళిపోయింది. ఆయన విన్నాడు. స్థలం మునిసిపాలిటీదే, ఖాళీ చెయ్యండన్నాడు.

బుల్డోజరు వచ్చిన రోజు నా మిషను తల ఒక్కటీ విప్పుకుని, బిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకుని నడిచొచ్చాను. స్టాండు రేకుల కింద నుజ్జయిపోయింది. ఇస్త్రీ తాత రోడ్డు మీద కూర్చుండిపోయాడు. లేపినా లేవలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో దాన్ని నిలదీశాను.

"నువ్వుంటే గెలిచేవాళ్ళం కదే!" అన్నాను.

"గెలిచేవాళ్ళమేమో" అంది. "కానీ అది గెలవడం కాదక్కా. నేను నీకు పెట్టడం."

"పెడితే తప్పా? నిన్ను పెంచలేదూ నేను?"

"పెంచావు. అందుకే వినకూడదు."

గిన్నె విసిరాను. దానికి తగల్లేదులే, గోడకి తగిలింది. వంగి ఆ గిన్నె తీసి కడిగి బోర్లించి, తన గదిలోకి వెళ్ళిపోయింది. ఏడిస్తే ఓదార్చేదాన్ని. ఏడవదు కదా! అప్పట్నించీ మా ఇంట్లో మాటలంటే "భోజనం పెట్టాను", "తలుపేసుకో". ఇంతే. సందు పోయినందుకు కాదు బావా. ఇస్త్రీ తాత ముందు నాకు మొహం చెల్లకుండా చేసింది. అదీ నా బాధ.

ఆగు, ఇంకా ఉంది. అసలు ఘట్టం ఇప్పుడొస్తుంది.

ఆ వారపత్రికాయన. నీ పాలిటి శత్రువు. మేమాయన్ని మీసాలాయన అంటాం. మా సందు నేలమట్టమైన వారం ఆయనేం రాశాడో చదివావా? మొదటి పేజీలో, ఇంత లావు అక్షరాలతో! జడ్జిగారు తప్పుకోవడం వెనక మతలబు ఉందిట. అక్కకి కాంప్లెక్సులో రోడ్డు వైపు కొట్టు ఇస్తామన్నారుట. అందుకే సందుని గాలికొదిలేసిందిట!

నా కొట్టు పోయి నేనేడుస్తుంటే!

ఆ పత్రిక పట్టుకుని వెళ్ళి ఆయన ప్రెస్సు మెట్ల మీద నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. తొంగిచూసి లోపలికి పోయాడు. చిన్నదేమో చదివింది, మడిచింది, బల్ల మీద పెట్టింది.

ఇప్పుడు చూడు విడ్డూరం. ఆ రోజు అచ్చు అబద్ధం. ఇవాళ నువ్వొచ్చి అదే కొట్టు, అదే రోడ్డు వైపు, నా చేతిలో పెడతానంటున్నావు. ఆయన రాసిన అబద్ధాన్ని నిజం చెయ్యడానికి బయల్దేరావా నాయనా?

సరే. ఆ తర్వాత ఆయన మీ కొత్త వంతెన మీద పడ్డాడు. పగుళ్ళొచ్చాయని ఫొటోలు వేశాడు. పత్రిక బయటికి రాగానే పోలీసులు దిగారు. ప్రెస్సుకి తాళం, ఆయన చేతులకి బేడీలు. నేను సంతోషించాను బావా! ఎందుకు దాచాలి? తిక్క కుదిరిందనుకున్నాను. కేసు చిన్నదాని ముందుకే వస్తోందని తెలిసి, చేతిలో పని పక్కన పడేసి, మంచి బట్టలు కట్టుకుని మరీ వెళ్ళాను చూడ్డానికి.

హాలు కిక్కిరిసిపోయింది. గోడకానుకుని నిలబడ్డాను. ఆయన్ని తీసుకొచ్చారు. గడ్డం మాసిపోయి, చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. తలెత్తి జడ్జి ఎవరా అని చూశాడు. అంతే, మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ రాత రాసింది తనే కదా!

చిన్నది అందరికీ వినబడేట్టు చెప్పింది. "ఈయన తన పత్రికలో నా గురించి రాశారు. ఈ కేసు నేను వినడానికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి, ఇంకొకరికి పంపిస్తాను" అంది. మీ ప్రభుత్వ వకీలు ముసిముసిగా నవ్వుకుంటూ "మాకే అభ్యంతరమూ లేదు మేడమ్" అన్నాడు. ఎందుకుంటుంది? పంట పండిందనుకున్నాడు. మీసాలాయన నేలచూపులు చూస్తూ "ఎవరైతే ఏముందమ్మా, కానివ్వండి" అన్నాడు. చావుకి సిద్ధపడ్డ గొంతు అది.

"ఈయన చేసిన నేరం ఏమిటి?" అనడిగింది చిన్నది.

"శాంతిభద్రతలకి ముప్పు మేడమ్."

"ఏ వాక్యం వల్ల?"

మీవాడు కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. "ప్రభుత్వం అలా అభిప్రాయపడింది" అన్నాడు.

"ఈయన రాతల మీద నాకూ అభిప్రాయం ఉంది. మంచిదేమీ కాదు. దాన్ని పట్టుకుని ఈయన్ని జైల్లో పెట్టొచ్చా?"

ఎవరో నవ్వబోయి నోరు మూసుకున్నారు.

"నేరం చూపించండి. చూపించలేకపోతే బేడీలు తియ్యండి" అంది. గొంతు పెంచలేదు. మా వంటింట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

బేడీలు తీశారు. ప్రెస్సు తాళం సంగతి ఇంకో వాయిదాకి పెట్టింది. ఆయన మణికట్లు రుద్దుకుంటూ అలా నిలబడిపోయాడు. వెళ్ళొచ్చని పక్కవాళ్ళు చెప్పేదాకా తెలీలేదు పాపం.

నాకేమనిపించిందంటావా? ఒళ్ళు మండిపోయింది ముందు. నా పరువు తీసినవాణ్ణి చేజేతులా వదిలేసిందే అని. తర్వాత బస్టాపులో నిలబడ్డప్పుడు మెల్లగా తట్టింది. మా సందులో మేము "మనమ్మాయి కూర్చుంది" అని గంతులేశాం. ఆయనేమో "పగవాళ్ళమ్మాయి కూర్చుంది" అని బిగుసుకుపోయాడు. ఇద్దరిదీ తప్పు లెక్కే. అక్కడ కూర్చున్నది మనమ్మాయీ కాదు, పగవాళ్ళమ్మాయీ కాదు. బస్సులు రెండు వదిలేశాను ఆలోచిస్తూ.

ఆ తర్వాత మీరు చేసినవి నీకు తెలియనివా? గేటు దగ్గర కాపలా కానిస్టేబుల్ని తీసేశారు. కారు రిపేరుకని తోలుకుపోయారు, మళ్ళీ కనబడలేదు. బస్సులో వెళ్తోంది, ఒళ్ళో క్యారేజీ పెట్టుకుని, తన కేసు ఓడగొట్టిందని దాన్ని తిట్టేవాడి పక్క సీట్లోనే కూర్చుని. నా దగ్గర కత్తిరించి పెట్టిన స్కూలు యూనిఫారాల ఆర్డరు మధ్యలో లాగేసుకున్నారు. ఇంటి ఓనరు, ఎంత మర్యాదస్తుడు, చేతులు నలుపుకుంటూ "ఖాళీ చేస్తారా అమ్మా" అన్నాడు. ఒక పొద్దున లేచి చూస్తే గేటు మీద తారుతో "ద్రోహి" అని. కిరసనాయిలు పోసి నేనే తుడిచాను. అది బయటికి రాకముందే.

ఏం, తల అటు తిప్పుకుంటావేం? నువ్వు పూశావన్లేదుగా!

ఏమిటీ? ఇంకోసారి చెప్పు. జనం ఓట్లేసి గెలిపించిన ప్రభుత్వాన్ని, ఎవరూ ఓటెయ్యని ఒక్క మనిషి ఎలా ఆపుతుందీ అంటావా?

మంచి ప్రశ్నే. నేనూ వేశాను ఓటు మీ మంత్రికి. ఎండలో నిలబడి వేశాను. రోడ్లు వెయ్యండి, నీళ్ళివ్వండి, పన్నులు కట్టించుకోండి. దానికేశాను. నచ్చని నోటికల్లా తాళం వెయ్యమని వెయ్యలేదే! ఇంకో మాట. మీరు కలకాలం ఉంటారా ఆ కుర్చీల్లో? ఏదో ఒక ఎన్నికల్లో దిగుతారు. అవతలివాళ్ళు వస్తారు. మొట్టమొదట ఎవరింటి ముందు ఆగుతుంది జీపు? మంత్రిగారి కుడిభుజం ఇంటి ముందు కాదూ? అప్పుడు మా అత్త గుండెలు బాదుకుంటూ ఎవరి దగ్గరికి పరిగెత్తాలి? మీకు ఓట్లేసినవాళ్ళ దగ్గరికా? వాళ్ళప్పటికి అవతలివాళ్ళకి వేసేసి ఉంటారు.

ఆ రోజు ఆ హాల్లో, నీ మొహం చూసి కాకుండా కాగితం చూసి మాట్లాడే మనిషి ఒకరుండాలా వద్దా? ఇవాళ దాని మెడ వంచేస్తే రేపు నీకు మిగిలేది వంగిన మెడే.

లేస్తున్నావా? బదిలీ సంగతి మళ్ళీ ఎత్తకు. చేసుకోండి! ఎక్కడికి వేస్తే అక్కడికి పోతాం. కుట్టించుకోని ఊరుంటుందా ఎక్కడైనా? మిషను తల విప్పడం ఎలాగూ అలవాటైంది నాకు. కొట్టు మాత్రం వద్దు. మీసాలాయన ఊళ్ళో ఉన్నంతకాలం ఆ కాంప్లెక్సు నీడలో కూడా నిలబడను.

ఆఁ, అయితే తీర్పు మీకు వ్యతిరేకమేనని తేల్చేసుకుంటున్నావా? అదే మీతో చిక్కు! నాకెలా తెలుస్తుంది? ఖైదు సంగతి వేరు, తాళం సంగతి వేరు అంటున్నారు వకీళ్ళు. చట్టంలో నిజంగానే మీ వైపు ఏదైనా ఉంటే, మీరే గెలుస్తారు. గేటు మీద తారు పూసినవాళ్ళని కూడా గెలిపిస్తుంది అది. అప్పుడు నేను మళ్ళీ గిన్నె విసురుతాను. అది మళ్ళీ కడిగి బోర్లిస్తుంది.

వెళ్ళే ముందు ఒకటి చెబుతాను, ఎవరితోనూ అనకు. నువ్వు వచ్చావని ఇంత ఎగిరాను గానీ, మొన్న నేనూ వెళ్ళాను దాని గదిలోకి. అన్ని నెలల తర్వాత మొదటిసారి. టీ గ్లాసు పట్టుకుని, నవ్వు మొహం పెట్టుకుని. "ఒసే, ఆ తాళం తీయించెయ్యవే. తారు పూసినవాళ్ళకి బుద్ధి రావాలి" అన్నాను.

చదువుతున్న కాగితం మీంచి తలెత్తింది. "ఇదే మాట అటువైపు నుంచి చెప్పడానికి రేపో ఎల్లుండో ఎవరో ఒకరు వస్తారక్కా. వాళ్ళకీ నీకూ తేడా ఏమిటో చెప్పు, వింటాను" అంది.

గ్లాసు బల్ల మీద పెట్టేసి వచ్చేశాను. టీ మాత్రం తాగింది.

అదీ సంగతి. పెంచినదాన్ని నేను, నా సిఫారసుకే దిక్కులేదు ఈ ఇంట్లో. ఇంక నీది ఏ మొహం పెట్టుకుని మోసుకెళ్ళను? పద, సోమవారం కోర్టుకి రా. తొందరగా వస్తే చోటు దొరుకుతుంది. ఏం రాసిందో నువ్వూ నేనూ ఒకేసారి విందాం.