లారీల వెనక చదివిన ఇంగ్లీషు

తొంభై మూడు నాటి మాట. కొత్తకోట బస్టాండు పక్కన రజాక్ చాయ్ హోటల్లో కురుమయ్య కూర్చున్నాడంటే చాలు, ఎవరి గ్లాసూ ఒక పట్టాన ఖాళీ కాదు. లారీలకు పంచర్లు వేసే మనిషి. గాలి నింపడం ట్యూబులకే కాదు, మాటలకూ బాగా తెలుసు. ఆ సాయంత్రం మాత్రం ఆయన కోతలన్నీ ఒక్కరి కోసమే. వనపర్తి హాస్టలు నుంచి రేకు పెట్టెతో సహా వచ్చేసిన కూతురు మంజులత పక్క బెంచీ మీద ముఖం ముడుచుకుని కూర్చుంది. ఇంటరు ఇంగ్లీషు రెండోసారీ తప్పింది. ఎంత చదివినా ఉన్నచోటే ఉంటున్నాను, ఇక నావల్ల కాదు, చదువు బంద్ అని బస్సు దిగగానే చెప్పేసింది.

తల్లిలేని పిల్లను కసరడానికి కురుమయ్యకు ఏనాడూ నోరు రాలేదు. పక్కనున్న దోస్తు ఐలేశం వైపు తిరిగి, పిల్లకు వినపడేలా మొదలుపెట్టాడు.

“ఇంగ్లీషు ఆగుడంటె ఏందో నన్నడుగు ఐలేశం. నాది ఎన్నేండ్లు ఆగింది! గుంజకు గట్టిన బర్రె లెక్క ఆడాడ్నే తిరిగింది. అప్పుడేం జేసిన? మన పంచర్ల దుకాణం ముంగట ఆగిన ప్రతి లారీ ఎనక నిలవడి రాసింది రాసినట్టు సదివిన. హారన్ ప్లీజ్ కాడ మొదలువెట్టిన. పంజాబుది, మద్రాసుది, ఏదీ ఇడ్వలె.”

“గదైతే నిజమే. నేను సూసిన,” అన్నాడు ఐలేశం.

“నిజం గాక! ఆ తర్వాత ఏమైందో తెలుసా? సదివింది నోట్లె ఆగుతలేదు. టైర్లతోని మాట్లాడిన, ఇంట్ల బర్రెతోని మాట్లాడిన. అది గెంత మరిగిందంటె, ప్లీజ్ అననిది పాలియ్యదు. మా అవ్వ తెలుగుల బతిమాలితె ఎగిరి తన్నింది.”

రజాక్ చాయ్ వడగడుతూ నవ్వాడు. “మరి తెల్లదొర కత చెప్పవా భాయ్?”

“గాడికే వస్తున్న, జర ఆగు. బెంగుళూరు పోయే దొర కారు మన కాడనే పంచరైంది. నేను నోరు తెరిసిన. పంచరేసుడు అయిపోయింది, దొర లేస్తలేడు. పొద్దుగూకింది, లేస్తలేడు. ఆఖరికి కండ్లల్ల నీళ్లు వెట్టుకొని, ఇన్నేండ్లు మేం మాట్లాడింది ఇంగ్లీషే గాదు, జర నేర్పుమని నా కాళ్ల మీద వడ్డడు. పోయి వాళ్ల దేశంల జెప్పిండు. ఇగ సూడు, లండన్ కెల్లి ఇమానం! గీ రోడ్డు మీదనే దిగింది. బస్సులన్నీ ఎనకకు జరిగినయి. లండన్ల పంతుళ్లందరికి నువ్వే సదువు చెప్పాలె, ఎక్కు అన్నరు. చేన్ల పల్లికాయ పీకేదున్నది, ఇప్పుడు తీరదు పొండ్రి అన్న.”

బెంచీల మీదున్నవాళ్లు పగలబడి నవ్వారు. మంజులత నవ్వలేదు. చిన్నప్పటి నుంచీ వింటున్న కోతలే, కానీ ఈ రోజు కడుపు మండింది. తను ఏడ్చి ఏడ్చి వదిలేసి వచ్చినదాన్ని ఈయన నలుగురిలో నవ్వులాట చేశాడు.

“నాయినా, గంత ఇంగ్లీషు వస్తె నాకొక్కటి చెప్పు. నా చిన్నప్పుడు పెద్ద దవాఖానల అమ్మ మంచం కాడ డాక్టర్లు ఇంగ్లీషుల మాట్లాడుకున్నరు గద. నువ్వు ఆడనే నిలవడ్డవ్. ఏమన్నరు?”

హోటల్లో నవ్వు ఆగిపోయింది. సంగతి అందరికీ తెలుసు. భార్య గుర్వమ్మను డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మంటే నయమైందనుకున్నాడు కురుమయ్య. హైదరాబాదు బస్సు దిగుతూనే ఇదే బస్టాండులో బెల్లం పంచాడు. ఆ వారంలోనే ఆమె పోయింది. ఆ బెల్లం ఐలేశమూ తిన్నాడు, రజాకూ తిన్నాడు.

కురుమయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. బడిపిల్లాడు పద్యం ఒప్పజెప్పినట్టు, నేల చూస్తూ చెప్పాడు.

“షి ఈజ్ బియాండ్ అస్ నౌ. నథింగ్ విల్ హెల్ప్. లెట్ ది పూర్ ఫెలో టేక్ హర్ హోమ్.”

ఒక్క అక్షరం తడబడలేదు.

“వాళ్లు అన్నది అన్నట్టే బట్టీ వట్టిన బిడ్డా. మతలబు తెలుస్తలేదు. గీ మాట కోసమే లారీల ఎనక దిరిగిన. ఎంత దిరిగినా ముంగటికి పోలె. హెల్ప్ అంటె సాయమని దెలుసు. ఏదో సాయం జేయమన్నరు. నాకు సమజ్ గాలె, నేను జేయలె, మీ అమ్మ పోయింది. పంతులు నడుగుదామంటె భయమైంది. నా బిడ్డ సదువుకొని చెప్తది, తిట్టినా నా బిడ్డనే గద తిట్టేది అనుకున్న. నువ్వేమో బంద్ అంటివి.”

మంజులతకు ఆ మాటలు విన్నప్పుడే అర్థమయ్యాయి. గైడు తెరవలేదు, మనసులో తెలుగు చేసుకోలేదు. రాదు రాదని ఏడ్చిన ఇంగ్లీషు తిన్నగా వచ్చి గుండెలో దిగింది. తల్లి ఆమెకు ఇప్పుడే, ఈ బెంచీ మీదే పోయినట్టయింది. లేచి వెళ్లి తండ్రి పక్కన కూర్చుని, రబ్బరు నలుపు వదలని ఆయన చెయ్యి పట్టుకుంది.

“నిన్నేం జేయమనలే నాయినా. ఇగ మా చేతుల లేదు, ఏం జేసినా ఫాయిదా లేదు, పాపం ఇంటికి తీస్కపోనియ్యిండ్రి అన్నరు.”

“అంటె... నేను జేయక ఇడిసిపెట్టింది ఏం లేదా?”

“ఏం లేదు నాయినా.”

కురుమయ్య తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

“ఇంకోపారి చెప్పు బిడ్డా.”

మంజులత ఇంకోసారి చెప్పింది.