నారి నడుమ చుట్టు

పట్టు నారులే వాడాల్సిన పాతకాలపు విల్లుల పోటీలో మరిదిని నిలబడనివ్వకుండా పంపేశారు. అతను నేరుగా, వింటినారులు పేనే వదిన కొట్టుకే వచ్చాడు.

"అచ్చమైన పట్టు అన్నావు కదా వదినా. వాళ్లు నారి నడుమ అగ్గిపుల్ల పెడితే కరిగి ముద్దకట్టింది. నైలాన్ కలిపావు."

"పట్టయితే వెంట్రుక కాలిన కంపు కొడుతుందని నీకు నేర్పిందే నేను. నన్నే దొంగను చేస్తున్నావా?"

"మాటలొద్దు. కాల్చి చూపించు."

"నా చెయ్యి నమ్మవుగా, నువ్వే కాల్చు. ముందు కొస."

"వెంట్రుక కంపే. బూడిదైంది. అయితే కొసల్లో మంచిది పెట్టి, బాణం తగిలించే చోట నకిలీది చుట్టావన్నమాట."

"అక్కడ నేను చుట్టింది ఒక్క వరసే. ఇప్పుడు రెండున్నాయి. పైది విప్పి, అడుగుది కాల్చు. వెనకాడతావేం?"

"అదీ బూడిదే."

"మరి పైది ఎవరు చుట్టారబ్బాయ్?"

"నీ చుట్టు ఆగుతుందో లేదోనని అనుమానమొచ్చింది. ఇంట్లో చేపల గాలం దారం ఉంటే నేనే చుట్టాను."

"పోటీలో నా కొట్టు పేరు చెప్పావా?"

"అందరి ముందూ చెప్పాను."

"అయితే అందరి ముందూ ఇదీ చెప్పు. అగ్గిపెట్టె పట్టుకుపో."